డాబర్‌మ్యాన్ పిల్లకు తోక కత్తిరించాలా? బ్రీడర్ చెప్పే కారణాలు ఎంతవరకు నిలుస్తాయి?

మీ ప్రశ్న ఇదీ: డాబర్‌మ్యాన్ జాతి కుక్కపిల్లకు అడ్వాన్స్ ఇచ్చారు, తల్లి ఇంకా ఈనలేదు. పుట్టిన మూడో రోజున తోక కత్తిరిస్తానని బ్రీడర్ (కుక్కల్ని ఈనించి పిల్లల్ని అమ్మే మనిషి) అంటున్నాడు. అప్పటికి పిల్లకు నొప్పి తెలియదని, ఇప్పుడు వదిలేస్తే పెద్దయ్యాక తోక దెబ్బతిని పెద్ద ఆపరేషనే అవుతుందని, అసలు తోకున్న డాబర్‌మ్యాన్ డాబర్‌మ్యాన్‌లాగే ఉండదని అతని వాదన.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇంట్లో పెంచుకునే కుక్కకు వద్దు. ఆ మాట ఈరోజే రాతపూర్వకంగా చెప్పండి, ఎందుకంటే ఈ పని మామూలుగా 2 నుంచి 5 రోజుల వయసులోనే చేసేస్తారు. మీరు పిల్లను చూడ్డానికి వెళ్లేసరికి తోక ఉండదు. ఏ పిల్ల ఎవరికి వెళ్తుందో బ్రీడర్‌కు అప్పటికి తెలియదు కాబట్టి ఈతలో ఉన్నవాటన్నిటికీ ఒకేసారి కత్తిరించేస్తాడు. "ఒక ఆడపిల్లను తోకతో ఉంచండి, రంగు పట్టీ కట్టి గుర్తు పెట్టండి, అదే నాది" అని అడ్వాన్స్ రసీదు మీదే రాయించుకోండి. ఒప్పుకోకపోతే బ్రీడర్‌ను మార్చడమే మేలు. తర్వాత ఎంత వాదించినా పోయిన తోక రాదు.

ఇక నొప్పి సంగతి. పుట్టిన పిల్లల నరాలకు మైలిన్ పొర (సంకేతం వేగంగా వెళ్లేలా నరం చుట్టూ ఉండే తొడుగు) పూర్తిగా ఏర్పడదు, అది నిజమే. దాన్ని పట్టుకుని నొప్పే ఉండదనడం తప్పు. మైలిన్ లేకపోతే సంకేతం నెమ్మదిగా వెళ్తుంది, ఆగిపోదు. పెద్ద కుక్కలోనూ మనిషిలోనూ మొండి నొప్పిని మోసే సన్నని సి-తంతువులకు మైలిన్ ఎప్పుడూ ఉండదు. పైగా మెదడు నుంచి వెన్నుపాములోకి దిగి నొప్పిని అణిచే ఏర్పాటు ఆ వయసుకు ఇంకా సరిగా తయారు కాదు. అంటే చిన్నపిల్లకు నొప్పి తక్కువ కాదు, ఎక్కువే ఉండే అవకాశం ఉంది. ఆస్ట్రేలియాలో 1996లో ప్రచురించిన ఒక పరిశీలనలో డాబర్‌మ్యాన్, రాట్‌వీలర్, బూవియే జాతుల 50 పిల్లలను 3 నుంచి 5 రోజుల వయసులో తోక కత్తిరించేటప్పుడు గమనించారు. అన్నీ గట్టిగా అరిచాయి. సగటున ఒక్కో పిల్ల 24 సార్లు కీచుమంది, 18 సార్లు మూలిగింది. తర్వాత సుమారు మూడు నిమిషాల్లో సర్దుకుని నిద్రపోయాయి.

బ్రీడర్లు ఆ చివరి వాక్యాన్నే పట్టుకుంటారు: "వెంటనే పాలు తాగింది, అంటే ఏం కాలేదు." పాలు చీకడం ఆ వయసు పిల్లకు నొప్పిని ఉపశమింపజేసే పని కూడా. తాగడాన్ని బట్టి నొప్పి లేదని తేల్చలేం. అయితే తోక కత్తిరించొద్దనే మన పక్షం కూడా ఇక్కడ అతి చేయకూడదు. ఆ పిల్ల జీవితాంతం ఆ బాధతోనే ఉంటుందని చెప్పడానికి ఆధారం లేదు. తెగేటప్పుడు నొప్పి ఉంది, తర్వాత పుండు మానేదాకా మంట ఉంటుంది, కొన్నింటికి మిగిలిన మొండి తోక దగ్గర తర్వాత కూడా సమస్య వస్తుంది. వాదనకు ఇది చాలు.

అసలు చేసే పని చూస్తే "చిన్న కోత" అన్న మాట ఎంత తేలికో తెలుస్తుంది. పిల్లను ఒకరు అరచేతిలో పట్టుకుంటారు. తోక మీది వెంట్రుకలు తీసి, శుభ్రం చేసి, చర్మాన్ని మొదలు వైపు వెనక్కి లాగి పట్టి, కత్తెరతోనో బ్లేడుతోనో రెండు పూసల మధ్య తెగ్గొడతారు. లాగి పట్టిన చర్మం వదిలాక ముందుకొచ్చి ఎముక చివరను కప్పాలి. దాని మీద కరిగిపోయే దారంతో ఒకటి రెండు కుట్లు, లేదా చర్మాన్ని అతికించే జిగురు. మత్తు మామూలుగా ఇవ్వరు. సుమారు 400 గ్రాముల పిల్లకు స్థానిక మత్తుమందు మోతాదులో పొరపాటుకు చోటు చాలా తక్కువ, పూర్తి మత్తు అంతకంటే ప్రమాదం. ఈ ఇబ్బందే తర్వాత తర్వాత "అవసరం లేదు" అనే మాటగా మారిపోయింది.

తప్పులు ఎక్కువగా ఎక్కడ జరుగుతాయంటే, మొదటిది పొడవు. పెద్దయ్యాక తోక ఎంత కనిపించాలో మూడో రోజున కొలిచి అంచనా వేయాలి. అప్పుడు కొన్ని మిల్లీమీటర్ల తేడా పెద్దయ్యాక సెంటీమీటర్లవుతుంది. జాతి కుక్కలు ఎలా ఉండాలో ప్రమాణాలు రాసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ ప్రమాణంలో డాబర్‌మ్యాన్‌కు దాదాపు రెండో కీలు దగ్గర కత్తిరించాలని ఉంది. సుమారు 20 పూసల తోకలో మిగిలేది రెండే. మరీ మొదలు దాకా కోస్తే కప్పడానికి చర్మం చాలదు, చర్మం ఎముకకు అతుక్కుని గట్టి మచ్చ పడుతుంది. రెండోది, తల్లి. అది నాకి నాకి కుట్లు ఊడదీస్తుంది, రక్తం కారుతుంది, పుండు తెరుచుకుంటుంది. మూడోది చలి. ఆ వయసు పిల్లకు తన ఒంటి వేడి తను నిలుపుకునే శక్తి ఉండదు. తల్లి దగ్గర నుంచి తీసి చల్లని బల్ల మీద అరగంట ఉంచినా నీరసిస్తుంది.

రబ్బరు రింగు పద్ధతి ఇంకా అధ్వానం. తోక చుట్టూ గట్టి రబ్బరు బిగించి రక్తం ఆపేస్తారు, కింది భాగం చచ్చిపోయి సుమారు మూడు రోజుల్లో రాలిపోతుంది. "రక్తం రాదు కదా" అని దీన్ని సౌమ్యమైన పద్ధతిలా చెబుతారు. ఆ మూడు రోజులూ పిల్ల ఒంటికి చచ్చిన మాంసం వేలాడుతుంది. గాలి ఆడని ఆ చోటు ధనుర్వాతం లాంటి క్రిములకు సరిగ్గా సరిపోతుంది. మీ బ్రీడర్ ఏ పద్ధతి వాడతానన్నా, వెట్ (పశువైద్యుడు) కాని మనిషి చేస్తానంటే ఇక మాట్లాడాల్సింది లేదు.

"రేపు తోక దెబ్బతింటుంది" అన్నదాని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి. నిజంగా వాదించదగ్గ భాగం ఇదొక్కటే.

బ్రిటన్‌లో 2010లో వెటర్నరీ రికార్డ్ పత్రికలో వచ్చిన అధ్యయనం 1,38,212 కుక్కల క్లినిక్ రికార్డులు చూసింది. వాటిలో తోక గాయాలు 281. లెక్క కట్టి చూస్తే ఒక్క గాయాన్ని తప్పించాలంటే సుమారు 500 కుక్కలకు తోక కత్తిరించాలి. స్ప్రింగర్, కాకర్ స్పానియల్స్ అనే వేట కుక్కలకు, గ్రేహౌండ్, లర్చర్, విప్పెట్ రకాల కుక్కలకు ముప్పు ఎక్కువ. కెన్నెల్ గూళ్లలో ఉండేవాటికి, తోకను వెడల్పుగా ఊపేవాటికి కూడా. ఇంట్లో గోడకు కొట్టుకోవడం, తలుపులో నలగడం లాంటివి ఆ గాయాలకు కారణాల్లో ముఖ్యమైనవి.

తర్వాత స్కాట్లాండ్‌లో 2014లో రెండు అధ్యయనాలు వచ్చాయి. ఈ రెంటినీ చెరో పక్షం చెరొకటి పట్టుకుని కొట్టుకుంటుంది. మొదటిది వేటకు వెళ్లే కుక్కల యజమానుల సర్వే: ఒక వేట సీజన్‌లో తోక కత్తిరించని స్పానియల్స్‌లో 56.6 శాతానికి కనీసం ఒక తోక గాయం. ఆ లెక్కన ఒక గాయాన్ని తప్పించాలంటే 2 నుంచి 18 కుక్కలకు కత్తిరిస్తే చాలు. రెండోది వెట్ క్లినిక్ రికార్డులది: పనిచేసే జాతుల్లో ఒక గాయానికి సుమారు 232 కుక్కలు, స్పానియల్స్‌లో ఒక తోక తీసేసే ఆపరేషన్‌ను తప్పించాలంటే సుమారు 320.

500, 232, 2 నుంచి 18. ఇంత తేడా రావడానికి ఎవరో అబద్ధం చెప్పనక్కర్లేదు. యజమానుల సర్వేలో ముళ్లకంపలో దూరి చివర గీరుకుని రక్తం చిమ్మిన ప్రతిసారీ లెక్కలోకి వస్తుంది. అందులో చాలావాటిని వెట్ దగ్గరికే తీసుకెళ్లరు. సర్వేకు జవాబిచ్చేవాళ్లలో తమ కుక్కకు గాయమైనవాళ్లు ఎక్కువుండే అవకాశమూ ఉంది. క్లినిక్ లెక్కలో కాస్త పెద్ద గాయాలే కనిపిస్తాయి, చిన్నవి కనిపించవు. నన్నడిగితే చూడాల్సింది ఆ 320ని. కత్తిరించడమంటేనే తోక తీసేయడం. ఒక కుక్కకు ఆ గతి పట్టకుండా 320 కుక్కలకు ముందే ఆ గతి పట్టించాలన్నమాట. దీనికి ఎదురువాదం లేకపోలేదు. పెద్ద కుక్కకు చేసేది మత్తు, కుట్లు, వారాల కట్లతో కూడిన పెద్ద పని, మూడో రోజున చేసేది చిన్నది, రెండూ ఒకటే కాదంటారు. రోజంతా దట్టమైన ముళ్లపొదల్లో తోక గిరగిరా తిప్పుతూ పనిచేసే స్పానియల్ విషయంలో ఆ వాదనను నేను కొట్టిపారేయను. స్కాట్లాండ్ ప్రభుత్వం కూడా 2007 నుంచి ఉన్న పూర్తి నిషేధాన్ని 2017లో అంతవరకే సడలించింది: స్పానియల్స్, వేట చూపే పాయింటర్-రిట్రీవర్ జాతులకు మాత్రమే, అదీ తోకలో మూడో వంతు మించకుండా. అంటే మందంగా ఉండే మొదటి రెండు వంతులు ఉంటాయి, గాయాలెక్కువయ్యే సన్నని చివర పోతుంది. డాబర్‌మ్యాన్‌కు రెండు పూసలు మిగిల్చి అంతా తీసేసే ఆచారానికి ఈ ఆధారం ఏమాత్రం సరిపోదు. మీ డాబర్‌మ్యాన్ ముళ్లపొదల్లో పని చేయదు కూడా.

అయినా డాబర్‌మ్యాన్ తోక సన్నగా, కొరడాలా, వెంట్రుకలు తక్కువగా ఉంటుంది. సంతోషం ఎక్కువైనప్పుడు గోడకు కొట్టుకుని చివర పగిలే అవకాశం ఉంది. ఇది రాకుండా కొంత చేయవచ్చు. కుక్క మిమ్మల్ని చూసి ఎక్కువ ఊగిపోయే చోటు ఎక్కడో గమనించండి. సాధారణంగా గుమ్మం, సన్నని వసారా, గూడు. అక్కడ పలకరించడం మానేసి వెడల్పైన చోటికి పిలిచి పలకరించండి. పడుకునే గూడు తోక చాచి తిరగగలిగేంత ఉండాలి. బరువైన తలుపులకు మెల్లగా మూసే పరికరం, లేదా కింద ఆపుడు బిగించండి.

పగిలిందనుకోండి. గోడల మీద చుక్కలు చుక్కలుగా రక్తం చూసి భయపడతారు గానీ మామూలుగా పోయే రక్తం కంటికి కనిపించినంత ఎక్కువ ఉండదు. శుభ్రమైన గాజ్ గుడ్డతో (పుండ్లకు వాడే పలచని నూలు గుడ్డ) 5 నుంచి 10 నిమిషాలు కదలకుండా నొక్కి పట్టండి, మధ్యలో ఎత్తి చూస్తే గడ్డకట్టిన రక్తం మళ్లీ తెగుతుంది. ఆగాక సెలైన్‌తో కడగండి. సెలైన్ లేకపోతే మరిగించి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ వద్దు. మానే కణాలను అవే చంపుతాయి. మనుషుల నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఇబుప్రోఫెన్, అసలు ఇవ్వకండి. కుక్కకు కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

కట్టు కట్టడమే కష్టమైన పని. తోక చివరకు సన్నబడుతుంది, ఊపిన ప్రతిసారీ కట్టు జారి ఎగిరిపోతుంది. జారకుండా ఉండాలంటే ముందు రెండు టేప్ ముక్కల్ని తోక పొడవునా, పైనా కిందా అంటించి చివర దాటి నాలుగు వేళ్లంత వేలాడనివ్వాలి. పుండు మీద అంటుకోని డ్రెస్సింగ్, దాని మీద పలచగా దూది పట్టీ, దాని మీద తనకు తానే అంటుకునే బ్యాండేజ్. ఇప్పుడు వేలాడుతున్న టేప్ కొసలను వెనక్కి మడిచి బ్యాండేజ్ మీద అంటించి, పైన మరో చుట్టు వేయాలి. బ్యాండేజ్ పై అంచు దగ్గర టేప్ సగం కట్టు మీద, సగం వెంట్రుకల మీద పడాలి. సాగే బ్యాండేజ్‌ను లాగి బిగించకండి. తోక చివరకు రక్తం ఎలాగూ తక్కువే వెళ్తుంది, బిగిస్తే చివర చచ్చిపోతుంది. కట్టుకు పైన వాపు కనిపించినా, వాసన వచ్చినా, కుక్క ఒక్కసారిగా దాన్నే కొరకడం మొదలెట్టినా విప్పి చూడాలి. రెండు మూడు రోజులకోసారి మార్చండి, తడిస్తే వెంటనే.

దెబ్బ తగలకుండా పైన తొడగడానికి నీళ్ల పైపులకు వేసే నురగ గొట్టం ముక్క బాగా పనిచేస్తుంది. గాలాడడానికి చిన్న చిల్లులు పెట్టండి. చిన్న తోకకు పెద్ద సిరంజి గొట్టం మూసి ఉన్న కొస కోసి వాడవచ్చు. మెడకు కోన్ (పుండును నాకకుండా తొడిగే గరాటు) తప్పనిసరి, అది లేకపోతే ఎంత మంచి కట్టయినా ఒక్క రాత్రిలో పోతుంది. మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. చాలామంది పైపొక్కు కట్టగానే కట్టు తీసేస్తారు, తిరిగి కొట్టుకుంటుంది, లెక్క మొదటికి వస్తుంది. పొక్కు ఊడి కింద చర్మం వచ్చాక ఇంకో వారం తొడుగు ఉంచండి.

ఈత కొట్టాక లేదా బాగా అలిసిపోయాక తోక ఒక్కసారిగా మొదట్లోంచే వేలాడిపోతే అది వేరు. దాన్ని లింబర్ టెయిల్ అంటారు, కండరం దెబ్బతినడం. చాలావరకు విశ్రాంతితో కొన్ని రోజుల నుంచి రెండు వారాల్లో తగ్గుతుంది. దాన్ని చూసి "చూశారా, తోక విరిగింది, తీసేయాలి" అనేవాళ్లుంటారు. ఎక్స్‌రే తీయకుండా ఒప్పుకోకండి.

నిజంగా తోక తీయాల్సి వచ్చే సందర్భాలు ఉన్నాయి: చర్మం పూర్తిగా ఒలిచిపోవడం, చివర నల్లబడి చచ్చిపోవడం, గడ్డ, నరాలు తెగి తోకలో స్పర్శే లేకపోవడం, నెలల తరబడి మానని పుండు. అప్పుడు పూర్తి మత్తులో, పూసల కీలు దగ్గర విడదీసి, రక్తనాళాలు ముడివేసి, చర్మాన్ని ఎముక కంటే కాస్త పొడవుగా మిగిల్చి బిగుతు లేకుండా కుడతారు. కుట్లు 10 నుంచి 14 రోజులకు తీస్తారు. ఇక్కడ వెట్‌ను అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న: ఎంత మిగులుస్తారు? యజమాని మీద జాలితో పుండున్న చివర మాత్రం కొంచెం తీస్తే మిగిలిన తోక మళ్లీ అదే గోడకు కొట్టుకుంటుంది, మళ్లీ ఆపరేషన్. గోడకు ఒరిపిడిలేని పొడవుకు ఒకేసారి తీయడం నయం. కారణం ఏమీ లేకుండా రెండు నెలల పిల్లకో పెద్ద కుక్కకో "అందం కోసం" ఇదంతా చేయిస్తానని ఎవరైనా అంటే, చేయబోయేది ఇదే ఆపరేషన్ అని గుర్తుంచుకోండి. మూడో రోజు గడిచాక "ఇప్పుడైనా చేయించనా?" అనే ప్రశ్నకు జవాబు కూడా అదే.

రూపం గురించి: తోక లేకపోవడం ఆ జాతి రక్తంలో ఉన్నది కాదు. ప్రతి డాబర్‌మ్యాన్ తోకతోనే పుడుతుంది. అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య ఎఫ్‌సీఐ ప్రమాణంలో ఇప్పుడు తోక సహజంగానే ఉండాలని ఉంది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ పాత రూపాన్నే పట్టుకుంది, అక్కడి వెట్ల సంఘం ఏవీఎంఏ 2008 నుంచి అందం కోసం కత్తిరించడాన్ని వ్యతిరేకిస్తోంది. నార్వే 1987లో, స్వీడన్ 1989లో నిషేధించాయి. ఇంగ్లండ్‌లో 2007 నుంచి పనిచేసే కుక్కలకు మాత్రమే మినహాయింపు: వెట్ చేయాలి, పిల్ల వయసు 5 రోజులు దాటకూడదు, పని ఆధారం చూపాలి, మైక్రోచిప్ వేయాలి. న్యూజిలాండ్‌లో 2018 అక్టోబర్ 1 నుంచి గాయానికో జబ్బుకో చికిత్సగా వెట్ చేస్తే తప్ప కుదరదు. మీరు కుక్కతో వేరే దేశం వెళ్లే ఆలోచన ఉన్నా, డాగ్ షోలకు తీసుకెళ్లాలనుకున్నా అక్కడి నియమం ముందే చూసుకోండి. తోక లేని కుక్కకు షో తలుపులు మూసుకుపోయే చోట్లున్నాయి.

ఒకవేళ బ్రీడర్ "మా లైన్‌లో పుట్టుకతోనే పొట్టి తోక" అంటే డాబర్‌మ్యాన్‌లో నమ్మకండి. పుట్టుకతో పొట్టి తోక వచ్చే టీ-బాక్స్ జన్యుమార్పు పెంబ్రోక్ కార్గి, ఆస్ట్రేలియన్ షెపర్డ్, బ్రిటనీ లాంటి కొన్ని జాతుల్లోనే ఉంది, జన్యుపరీక్షతో తేలిపోతుంది. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన ఆ జన్యువు ప్రతులు రెండూ మారినవైతే పిండం బతకదు. అందుకే పొట్టి తోక కుక్కను పొట్టి తోక కుక్కతో దాటించకూడదు.

తోక వల్ల లాభమేమిటంటే, ముఖ్యంగా కుక్కలు తమలో తాము మాట్లాడుకోవడానికి. 2008లో కెనడాలో పరిశోధకులు ల్యాబ్రడార్ అంత రోబో కుక్కకు ఒకసారి పొడవు తోక, ఒకసారి పొట్టి తోక పెట్టి చూశారు. పొడవు తోక ఊగుతుంటే పెద్ద కుక్కలు ధైర్యంగా దగ్గరికొచ్చాయి, కదలకుండా ఉంటే తగ్గాయి. పొట్టి తోక అయితే ఊగినా ఆగినా తేడా తెలుసుకోలేకపోయాయి. "తోక లేకపోతే బ్యాలెన్స్ పోతుంది" అని మన పక్షంవాళ్లు తరచూ వాడే వాదన మాత్రం అంత గట్టిది కాదు. 2022లో బోర్డర్ కోలీ జాతి కుక్క గెంతడాన్ని కంప్యూటర్ నమూనాతో లెక్కిస్తే తోక ప్రభావం చాలా స్వల్పమని తేలింది. ఆ వాదన వదిలేసినా మన పక్షానికి వచ్చే నష్టమేమీ లేదు.

చివరగా, మీరు చెప్పేలోపే పని అయిపోయి పిల్ల తోక లేకుండా మీ చేతికొస్తే: మొండి తోక మీద చర్మం వదులుగా కదులుతోందా, ఎముకకు అతుక్కుపోయిందా వేలితో మెల్లగా చూడండి. ఎర్రగా, తడిగా ఉంటే వెట్‌కు చూపించండి. పెద్దయ్యాక మొండి తోకను తాకితే ఉలిక్కిపడడం, ఆ చోటునే పదే పదే నాకడం, కొరకడం, కూర్చోవడానికి ఇబ్బంది పడడం కనిపిస్తే అలవాటు అనుకోకండి. తెగిన నరం చివర గడ్డలా పెరిగి నొప్పెట్టే న్యూరోమా కావచ్చు. దాన్ని తీసేస్తే చాలావాటికి ఉపశమనం ఉంటుంది. పార్కులో వేరే కుక్కలను కలిపేటప్పుడు తాడు వదులుగా ఉంచి, పక్కపక్కన నడిపించి పరిచయం చేయండి. దాని మనసు తోకలో చదవలేని ఎదుటి కుక్క ముఖాన్నీ ఒంటి తీరునూ చూడడానికి కొంచెం సమయం తీసుకుంటుంది.